యుద్ధకాలంలో పత్రికల మాట



యుద్ధమొస్తే పత్రికల అభిప్రాయాలు నమ్మలేమని మన కుర్రాళ్లు అంటున్నారు. కాదనను. 2025 మే నెలలో కరాచీ రేవు ధ్వంసమైందని కొన్ని టీవీలు చెప్పింది అబద్ధమని తేలింది గదా! అయితే నేను రాసినవాణ్ణి కూడా చూస్తాను, ఆ మాటవల్ల అతనికి లాభమా, నష్టమా అని.

మన పాత ఖమ్మం జిల్లా సుబ్లేడులో పుట్టిన షోయబుల్లాఖాన్ సంగతే చూడండి. 1948లో రజాకార్ల ఉద్రేకం మధ్య, సంస్థానం భారత యూనియన్‌లో కలవాలని తన ఉర్దూ పత్రిక ‘ఇమ్రోజ్’లో రాశాడు. మనవాళ్లలోనే ఎందరికో అది గిట్టలేదు. బెదిరింపులొచ్చినా కలం ఆపలేదు. ఆగస్టు 21 రాత్రి హైదరాబాదులో ఇంటికి వెళ్తుంటే కాల్చి, చెయ్యి నరికారు. ముప్పై ఏళ్లైనా నిండలేదు పాపం. నెల తిరక్కముందే, సెప్టెంబరు 17న, నిజాం లొంగిపోయాడు.