పాత అలమరకు కొత్త రంగు

వంటింట్లో ఇనుప అలమర తుప్పు పట్టిందా? పాతసామాన్లకు వేసేయకండి. తక్కువ ఖర్చుతో మీరే రంగు వేసుకోవచ్చు.

ముందు సబ్బునీళ్లతో పోపు జిడ్డు వదిలించండి. జిడ్డు మీద ఏ రంగూ నిలవదు. తర్వాత, నీటికి తట్టుకునే ఉప్పుకాగితాన్ని తడిపి తుప్పు రుద్దండి. తడి ఎందుకంటారా? పాత రంగులో సీసం ఉండొచ్చు. పొడి లేవకూడదు. పిల్లల్ని దూరంగా ఉంచండి.

వెంటనే తుడిచి, బాగా ఆరనివ్వండి. ఆపై రెడాక్సైడ్ ప్రైమర్ ఒక పూత. అదీ ఆరాక ఎనామిల్ రంగు, పల్చగా రెండు పూతలు. కిటికీలు తెరవండి. పొయ్యి మాత్రం వెలిగించకండి.

మరోసారి చెబుతున్నాను. ముందు జిడ్డు, తర్వాత తుప్పు, ఆపై ప్రైమర్. రంగు చివర్లోనే. ఈ వరుస తప్పకండి.