టార్గెట్ అనే కొత్త గుత్త
(మెట్టుగూడ యువజనుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మెట్టుగూడ అంటే రైలు బస్తీ. పక్కనే లాలాగూడ వర్క్‌షాపు. గ్యాంగ్‌మన్‌గానో, ఖలాసీగానో చేరిన మన పెద్దలకు పని ఎంత కష్టమైనా నెల తిరిగితే జీతం ఖాయం. జబ్బు చేస్తే రైల్వే ఆసుపత్రి, ముసలితనంలో పింఛను. రిజర్వేషన్ ఉండబట్టి కొందరు గుమాస్తాలు, ఆఫీసర్లు కూడా అయిండ్రు. ఇప్పుడు ఇదే మెట్టుగూడలో మన పిల్లలు మెట్రో ఎక్కి హైటెక్ సిటీకి పోతున్నరు. 2017లో అమీర్‌పేట దాకా వచ్చిన ఆ లైను 2019లో హైటెక్ సిటీకి చేరింది. దారి పడ్డది, మంచిదే. ఆ దారి చివర దొరికే కొలువు ఎట్లాంటిదో విచారించాలె.

కంప్యూటర్ కొలువంటే అందరూ ప్రోగ్రాములు రాసేవాళ్లే అనుకుంటం. కాదు. సాఫ్ట్‌వేరు, ఇంటర్నెట్ కనెక్షన్లు, కార్డు గీకే మిషన్లు అమ్మిపెట్టేవాళ్లు ఎందరో ఉన్నరు. ఒకరు రాత్రంతా అమెరికాకు ఫోన్లు చేస్తరు. ఇంకొకరు ఎండలో దుకాణం దుకాణం తిరుగుతరు. బళ్లో పాఠం చెప్పే మాబోటి వాళ్లం చదువుకోండి అన్నం, చదివిండ్రు. సిఫారసు లేని ఆ పిల్లలకు ముందుగా తెరుచుకునే తలుపు ఇదే.

జీతం సంగతి చూద్దాం. "ఏడాదికి ఆరు లక్షలు" అన్నరనుకోండి. ఊర్లో తల్లిదండ్రులు సంబరపడ్తరు. కాగితం తిప్పి చూస్తే ఖాయమైనది 3 లక్షల 60 వేలే, అంటే నెలకు 30 వేలు, అందులో పీఎఫ్ కోత. తక్కిన 2 లక్షల 40 వేలు టార్గెట్ కొడితేనే. గుత్త పని మనకు తెలుసు. కాలువ తవ్వినంత కొలిచి కూలీ ఇయ్యాలె. ఇక్కడ నెలంతా తిరిగినా, కొనేవాడు కొనకపోతే ఆ తిరుగుడుకు కొలత లేదు. కొన్నవాడు తర్వాత వద్దంటే ఇచ్చిన కమీషన్ వెనక్కు పట్టుకునే కంపెనీలున్నయి. సరుకు బాగలేక అమ్ముడుపోకున్నా తప్పు అమ్మేవానిదే. యజమాని భరించాల్సిన నష్టాన్ని పనిచేసేవాని నెత్తిన పెట్టుడే ఈ టార్గెట్.

ఇందులో కులమెక్కడుంది అని అడుగుతరు. అమ్మకం నడిచేది పరిచయాల మీద. మేనమామకు ఫ్యాక్టరీ, బాబాయికి ఆసుపత్రి ఉన్నోడు మొదటి నెలలోనే టార్గెట్ కొడతడు. మన పిల్లకు ఏ బంధువు కొంటడు? ఇంటిపేరు, ఇంగ్లీషు యాస కూడా అక్కడ పెట్టుబడే. 1938లో మన్మాడ్‌లో దళిత రైల్వే కార్మికుల సభలో బాబాసాహెబ్ అంబేద్కర్, కార్మికులకు బ్రాహ్మణిజం, పెట్టుబడిదారీ రెండూ శత్రువులేనని చెప్పిండు. ఆ రెండూ ఈ కొలువులో ఒక్కచోటనే కూర్చున్నయి.

మరి చట్టం? మెడికల్ రెప్‌లు సంఘం కట్టి కొట్లాడితే 1976లో అమ్మకపు ఉద్యోగులకు ఒక చట్టం వచ్చింది. 2011లో దాన్ని కంప్యూటర్, ఎలక్ట్రానిక్ సరుకులు అమ్మేవాళ్లకూ వర్తింపజేసిండ్రు. 2025 నవంబర్ 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చి ఆ చట్టాన్ని తమలో కలుపుకున్నయి. వాటి ప్రకారం నియామక పత్రం తప్పనిసరి. కొలువు మానినా, తీసేసినా రావలసిన జీతం రెండు పనిదినాల్లో ఇయ్యాలె. కమీషన్‌ను జీతంగా లెక్కకట్టరు. కాని కమీషన్, అలవెన్సులు కలిసి మొత్తంలో సగం దాటితే, దాటిన భాగాన్ని జీతంలో కలపాలె. ఈ సంగతి మన పిల్లలకు కంపెనీవాళ్లు వచ్చి చెప్పరు. మనమే చెప్పాలె.

ప్రైవేటు కొలువుల్లో రిజర్వేషన్ గురించి 2004లో యూపీఏ ప్రభుత్వం చర్చ చేస్తమన్నది. చట్టం మాత్రం రాలేదు. ఆ కోట్లాట కొనసాగాలె.

అందాక చేయవలసిన పని ఉంది. సంతకం పెట్టకముందే ఖాయమెంత, టార్గెట్ ఎంత, పెట్రోలు ఖర్చు ఎవరిది, కమీషన్ వెనక్కు తీస్తరా అని రాతలో అడగాలె. నియామక పత్రం నకలు ఇంట్ల పెట్టుకోవాలె. తిరిగిన రోజులు, చేసిన గంటలు నోటుబుక్కుల రాసుకోవాలె. ఊర్లలో కార్యకర్తలు పట్నం పోయిన పిల్లల పేర్లు రాసుకొని పండక్కి వచ్చినప్పుడు కూర్చోబెట్టి మాట్లాడాలె. టార్గెట్ దాటలేదని ఏ బిడ్డా తానే చేతగానిదాన్ననుకొని ఒంటరిగా కుమిలిపోవద్దు. మెడికల్ రెప్‌లు సంఘం కట్టుకున్నట్టే మన పిల్లలూ కట్టుకోవాలె. జై భీమ్!