‘ఇది ఎగరదు’ అని ఎవరు చెప్పాలి?

(అద్దంకిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విమానాల మరమ్మతు కార్మికుల గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు నవ్వారు. “అద్దంకిలో విమానాలేమిటి మేడమ్?” అన్నారు. విమానం మన గడపదాకా వచ్చిందని గుర్తు చేశాను. పక్కనే కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీద అత్యవసర రన్‌వే కట్టారు కదా. 2024 మార్చి 18న దానిమీద ఏఎన్-32, డోర్నియర్ విమానాలు దిగి మళ్ళీ ఎగిరాయి. విమానం వస్తే అందరం తలెత్తి చూస్తాం. నడిపేవాళ్ళ గురించి అనుకుంటాం. దాని నట్లు బిగించినవాళ్ళు మన ఆలోచనలోకి రారు.

స్త్రీల ఉద్యమంలో కూడా విమానం అంటే మనకు ఎయిర్ హోస్టెస్సే గుర్తొస్తుంది. మొదటి గర్భంతోనే ఉద్యోగం పోవాలన్న ఎయిర్ ఇండియా నిబంధనను 1981లో నర్గీస్ మీర్జా కేసులో సుప్రీంకోర్టు కొట్టేసిన సంగతి చాలామందికి తెలుసు. హ్యాంగరు వైపు మనం చూడలేదు. చూడాల్సిన అవసరం ఏమిటో చెప్పడానికే ఇవాళ వచ్చాను.

విమానానికి రోజువారీ తనిఖీ ఎక్కడ ఆగితే అక్కడే చెయ్యాలి. పెద్ద తనిఖీ అలా కాదు. కొన్నేళ్ళకొకసారి విమానాన్ని హ్యాంగరులో పెట్టి, సీట్లు, లోపలి పలకలు పీకి, అస్థిపంజరం దాకా విప్పి, తుప్పూ పగుళ్ళూ వెతికి, మళ్ళీ బిగిస్తారు. వారాల తరబడి, వేల గంటల మనుషుల శ్రమ. యంత్రం చేసిపెట్టే పని కాదు. ఖర్చులో పెద్ద భాగం జీతాలే కాబట్టి, జీతం తక్కువున్న చోటికి ఆ పనిని పంపాలని యాజమాన్యాలకు ఆశ పుడుతుంది. మన మిరపకాయల్ని చౌకగా తొడిమలు తీసే చోటికి చేర్చాలంటే లారీ కావాలి. విమానానికి లారీ కూడా అక్కర్లేదు. తానే ఎగిరి వెళ్తుంది!

అమెరికాలో పెద్ద విమాన సంస్థల మెకానిక్‌లు దశాబ్దాలుగా పోరాడుతున్నది దీని గురించే. యునైటెడ్ సంస్థ ఇండియానాపొలిస్‌లోని తన పెద్ద స్థావరాన్ని 2003లో మూసేసింది. 2005 ఆగస్టు 20న నార్త్‌వెస్ట్ సంస్థలో దాదాపు 4,400 మంది సమ్మెకు దిగారు. వాళ్ళలో మెకానిక్‌లే కాదు, విమానాలు కడిగి తుడిచేవాళ్ళు కూడా ఉన్నారు. యాజమాన్యం సగం ఉద్యోగాలు తీసేసి పనిని బయటికి ఇస్తానంది. బదులు మనుషుల్ని ముందే తయారుగా పెట్టుకుని విమానాలు నడిపించింది. తక్కిన యూనియన్లు కలిసిరాలేదు. సమ్మె ఓడిపోయింది. పైలట్లు ఒక యూనియన్, మెకానిక్‌లు ఇంకొకటి, ఎవరి బాధ వారిదే. ఇది మనకు కొత్త కథేమీ కాదు. అంగన్‌వాడీలు రోడ్డెక్కినప్పుడు పక్కనున్న మనం ఏం చేశామో ఎవరికి వారం గుర్తు చేసుకోవచ్చు.

ఇప్పుడు హైదరాబాదుకు వద్దాం. శంషాబాదులో జీఎంఆర్ సంస్థ మరమ్మతు హ్యాంగర్లు ఉన్నాయి, ఎయిర్ ఇండియా ఇంజినీరింగ్ సంస్థదీ ఉంది. విమాన మరమ్మతుల మీద జీఎస్‌టీని 2020 ఏప్రిల్‌లో 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. విదేశాలకు పోయే పని ఇక్కడే జరగాలని, బయటి పని కూడా ఇక్కడికి రావాలని దాని ఉద్దేశం. 2025 నవంబరులో ఫ్రాన్సుకు చెందిన సఫ్రాన్ సంస్థ అక్కడే ఇంజిన్ల మరమ్మతు కేంద్రం ప్రారంభించింది. వెయ్యిమందికి పైగా సాంకేతిక నిపుణులకు పని దొరుకుతుందన్నారు.

అక్కడ పోయే పని ఇక్కడికి వస్తుంటే మనం ఏ పక్షం? ఈ ప్రశ్నకు నా దగ్గర తేలికైన జవాబు లేదు. ఒంగోలులోనో గుంటూరులోనో పాలిటెక్నిక్ చదివిన మన అమ్మాయికి శంషాబాదులో పానా పట్టుకునే ఉద్యోగం వస్తే నేను సంతోషిస్తాను. అది అమెరికా కార్మికుడి నోటి దగ్గర కూడని ఆమెతో అనను. అనే హక్కు నాకు లేదు కూడా. కానీ ఆ ఉద్యోగం ఏ షరతుల మీద వచ్చిందని మాత్రం అడుగుతాను.

ఎందుకంటే ఇక్కడ కూడా నేల కదులుతోంది. 2022 జనవరి 27న ఎయిర్ ఇండియా టాటాల చేతికి వెళ్ళింది. ఇంజినీరింగ్ సంస్థ ఆ అమ్మకంలో చేరలేదు. దాన్ని తర్వాత విడిగా అమ్ముతామన్నారు. నిన్నటిదాకా ఒకే ఇంట్లో ఉన్న మెకానిక్‌లూ విమానాలూ వేరు కాపురం పెట్టినట్టయింది. 2024లో ఎయిర్ ఇండియా బెంగుళూరులో తన సొంత మరమ్మతు స్థావరం కట్టడం మొదలుపెట్టింది. మరి పాత హ్యాంగర్లకు పని ఎక్కడినుంచి వస్తుంది? ఆ ఇంజినీరింగ్ సంస్థ కొత్తగా టెక్నీషియన్లను గడువు ఒప్పందం మీదే తీసుకుంటూ వచ్చింది. గడువు తీరాక పొడిగిస్తారా లేదా అన్నది పైవాళ్ళ దయ.

గడువు ఉద్యోగంలో జీతం ఒక్కటే సమస్య అయితే నేను ఇంతదూరం వచ్చేదాన్ని కాదు. 1996 మే 11న అమెరికాలో వాల్యూజెట్ విమానం మంటలంటుకుని ఫ్లోరిడా చిత్తడి నేలల్లో కూలింది. 110 మంది చనిపోయారు. ఆ సంస్థ తన మరమ్మతు పనిని సేబర్‌టెక్ అనే కంపెనీకి ఇచ్చింది. అక్కడ పనిచేసేవాళ్ళలో చాలామంది కూలి సరఫరా చేసే సంస్థల ద్వారా వచ్చిన తాత్కాలికులు. విప్పి తీసిన పాత ఆక్సిజన్ పరికరాలకు రక్షణ మూతలు పెట్టాలి. హ్యాంగరులో ఆ మూతలే లేవు. పనికార్డు మీద మాత్రం పెట్టినట్టు సంతకాలు పడ్డాయి. ఆ పరికరాలు సరుకుగా విమానం కడుపులోకి ఎక్కాయి. విచారణ సంఘం మరమ్మతు కంపెనీని, పర్యవేక్షించని విమాన సంస్థను, పట్టించుకోని ప్రభుత్వ విభాగాన్ని మూడింటినీ తప్పు పట్టింది. క్రిమినల్ కేసులో మరమ్మతు కంపెనీ ఉద్యోగులు ఇద్దరు కూడా కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. 1999లో నిర్దోషులుగా బయటపడ్డారనుకోండి.

మూతలు లేవని, ఈ కార్డు మీద సంతకం పెట్టనని చెప్పగలగాలంటే ఆ మనిషికి రేపు కూడా ఉద్యోగం ఉండాలి. ‘ఇది ఎగరదు’ అన్న మాట వల్ల యజమానికి లక్షల నష్టం. ఆ మాట అన్నవాడు వచ్చే నెల ఉంటాడో లేదో తెలియనప్పుడు, ఆ మాట రాదు.

ఇది నేను పుస్తకాల్లోనే చదువుకోలేదు. కొన్నేళ్ళ కిందట ఒక సంస్థకు పదకొండు నెలల ఒప్పందం మీద సర్వే చేశాను. మిరప పనికి వెళ్ళే స్త్రీల ఆరోగ్యం గురించి. ఘాటుకు దగ్గు, చేతుల మంట, పసిబిడ్డను ఎత్తుకోబోయి ఆగిపోవడం, ఇవన్నీ రాశాను. వాళ్ళను తెచ్చిన ముఠా మేస్త్రి లెక్కలు ఎలా రాస్తాడో కూడా ఒక పేరా రాశాను. “ఇప్పుడెందుకమ్మా ఇది” అని ఆ పేరా తీసేశారు. నా ఒప్పందం పొడిగింపు కాగితం అదే బల్ల మీద ఉంది. నేను నోరు మెదపలేదు. డాక్టరేటు ఉన్నదాన్ని, చదువు చెప్పుకు బతకగలిగినదాన్ని, నేనే మెదపలేదు. ఈ హాలులో ప్రాజెక్టు ఉన్నంతవరకే జీతం ఉండే కార్యకర్తలు ఎందరో చేతులెత్తమని అడగను, తెలుసు.

ఇక చట్టం సంగతి. కేంద్ర సంస్థల భవనాల్లో ఊడ్చే, తుడిచే, కాపలా కాసే పనుల్లో కాంట్రాక్టు పద్ధతిని కేంద్ర ప్రభుత్వం 1976 డిసెంబరు 9న నిషేధించింది. నిషేధించాక ఆ కార్మికుల్ని సంస్థే సొంత ఉద్యోగులుగా తీసుకోవాలని 1996 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ కేసు కూడా ఎయిర్ ఇండియాదే! చీపురు పట్టినవాళ్ళు గెలిచిన కేసు. అయిదేళ్ళయినా నిలవలేదు. 2001 ఆగస్టులో ఉక్కు సంస్థ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఆ సూత్రాన్ని తోసిపుచ్చింది. తర్వాత కొత్త కార్మిక స్మృతులు వచ్చి, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. సంస్థ ‘ప్రధాన కార్యకలాపం’లో కాంట్రాక్టు శ్రమ పనికిరాదంటాయి. కొన్ని మినహాయింపులూ పెట్టాయి. ఏది ప్రధానం కాదో చెప్పే జాబితాలో పారిశుద్ధ్యం, కాపలా, క్యాంటీను కనిపిస్తాయి. 1976లో ఏ చీపురు పనికి రక్షణ ఇచ్చారో అదే ఇప్పుడు రక్షణ బయట నిలబడింది. ఆ పనుల్లో స్త్రీలెందరో మీకు చెప్పక్కర్లేదు. విమాన సంస్థకు మరమ్మతు ప్రధానమా కాదా అన్నది రేపటి తగాదా. మా పని ఎగరడమే, బాగుచెయ్యడం కాదని యాజమాన్యం అంటుంది. ఇల్లు నడపడం వేరు, ఇంటిచాకిరీ వేరు అన్నట్టు.

ఈ తగాదా మన ఆర్టీసీ గ్యారేజీకీ వస్తుంది. 2020 జనవరి 1న ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వోద్యోగులయ్యారు, మంచిదే. తిరుపతి, తిరుమల మధ్య 2022లో మొదలైన విద్యుత్ బస్సుల్ని మాత్రం కంపెనీయే నడిపి, బాగుచేసుకుంటుంది. ఆర్టీసీ కిలోమీటరుకు ఇంతని చెల్లిస్తుంది. 2025 ఆగస్టు 15 నుంచి మనం ఛార్జీ లేకుండా బస్సెక్కుతున్నాం. ఆ బస్సు బ్రేకులు చూసే మనిషి ఎవరి ఉద్యోగి అన్నది మన ప్రశ్న కాదా?

కాబట్టి ఒక పని అడుగుతున్నాను. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తుతో మీ పురపాలక కార్యాలయంలో, డిపోలో, ఆసుపత్రిలో కాంట్రాక్టు ఒప్పందాల నకళ్ళు అడగండి. ఎంతమంది, ఎవరి పేరు మీద, ఎప్పటిదాకా అన్నది చూడండి. వచ్చే సమావేశానికి పట్టుకురండి, కూర్చుని చదువుదాం. నేను ఆ తీసేసిన పేరా పట్టుకొస్తాను.