మోటారు దీపము - ఎదుటివాని కన్ను

రాత్రివేళ రహదారిపై ప్రయాణము చేసిన ప్రతివారికిని తెలిసిన అనుభవ మొకటి కలదు. దూరమున రెండు వెలుగుచుక్కలు కనిపించును. అవి క్రమముగా పెద్దవై, దగ్గరకు వచ్చుసరికి కన్నులకు మిరుమిట్లు గొలుపును. ఆ బండి దాటిపోయిన పిమ్మట కూడ కొంతసేపు మన ముందున్నది చీకటియే. ఆ చీకటిలో దారిప్రక్కన నడచుచున్న మనిషి యున్నాడో, ఎడ్లబండి యున్నదో తెలియదు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకండులో దాదాపు 17 మీటర్లు సాగును. కన్ను తేరుకొనుటకు మూడు సెకండ్లు పట్టినచో, ఆ డ్రైవరు 50 మీటర్ల దారిని చూడకయే దాటినాడన్నమాట. వయస్సు పైబడినకొలది కన్ను తేరుకొనుట మరింత ఆలస్యమగును.

మోటారు దీపము ఇద్దరికి మేలు చేయవలసి యున్నది. ఒకడు దీపము వెనుక కూర్చున్నవాడు. అతనికి ఎంత వెలుగైనను చాలదు. రెండవవాడు ఎదురుగా వచ్చువాడు. అతనికి ఆ వెలుగే ఆపద. హెడ్‌లైటు చరిత్ర చాలవరకు ఈ యిద్దరికిని రాజీ కుదుర్చుటకై జరిగిన ప్రయత్నమే.

తొలినాటి మోటారుబండ్లకు చమురుదీపములు, ఎసిటిలీను దీపములు ఉండెడివి. కార్బైడుపై నీటిచుక్కలు పడినపుడు పుట్టు వాయువును మండించి వెలుగు తెచ్చెడివారు. అది గాలివానకు త్వరగా ఆరిపోదు గాని, బండి దిగి, నీరు పోసి, అగ్గిపుల్ల గీసి వెలిగించుకొనవలసి యుండెడిది. 1912లో అమెరికాలోని కాడిలాక్ కంపెనీ ఇంజనును కదలించు స్టార్టరును, దీపములను ఒకే విద్యుత్పద్ధతిలో కూర్చి తన కార్లలో అమర్చెను. విద్యుద్దీపముల వాడుకతో వెలుగు పెరిగెను. దానితోపాటు ఎదుటివాని యిబ్బందియు పెరిగెను.

వెలుగును క్రిందికి వంచుటకు మొదట బండి ఆపి, దిగి, దీపమును చేతితో సర్దవలసి యుండెడిది. 1917లో కాడిలాక్ కార్లలో డ్రైవరు కూర్చున్నచోటనే మీట త్రిప్పి ఆ పని చేయగల ఏర్పాటు వచ్చెను. 1924లో ఐరోపాలో వెలువడిన బైలక్స్ బల్బు అంతకంటె చక్కని ఉపాయము. ఒకే బల్బులో రెండు తీగలు. ఒకటి దూరపు వెలుగునకు, రెండవది దగ్గరి వెలుగునకు.

ఇందలి కిటుకు తెలిసికొనదగినది. హెడ్‌లైటు లోపల గిన్నెవలె వంగిన అద్దము కలదు. దాని నాభియొద్ద తీగ వెలిగినచో కిరణములు సమాంతరములై దూరముగా పోవును. తీగను నాభికి కొంచెము ముందుకు జరిపి, దాని క్రింద చిన్న లోహపు దొప్పను అమర్చినచో, అద్దపు పైభాగమునకు తగిలిన కిరణములు మాత్రమే వెలువడి నేలవైపు వంగును. క్రిందిభాగమునకు తగిలి పైకి ఎగయవలసిన వెలుగును ఆ దొప్ప ఆపివేయును. డ్రైవర్లు ‘డిమ్’ చేయుట యనునది ఇదియే.

తరువాత ఆ దొప్ప అంచును ఒకవైపు 15 డిగ్రీల మేర కోసిరి. దానివలన ఎదుటి బండి వచ్చు వైపున వెలుగు అణగియుండును. దారి అంచు వైపున కొంచెము పైకి లేచి, అక్కడ నడచుచున్నవానిని చూపును. మనవలె ఎడమప్రక్కన బండ్లు నడుపు దేశములలో ఈ వెలుగు ఎడమకు లేచును. కుడిప్రక్కన నడుపు దేశములలో కుడికి లేచును. 1967 సెప్టెంబరు 3వ తేదీన స్వీడను దేశము ఎడమనుండి కుడికి మారినపుడు బండ్ల దీపములను కూడ మార్చవలసి వచ్చెను. లేనిచో దారి అంచునకు ఉద్దేశించిన వెలుగు తిన్నగా ఎదుటివాని కంటిలో పడెడిది.

దేశమునుబట్టి దీపముల తీరు మారుట కిది యొక్కటియే కారణము కాదు. 1940 నుండి అమెరికాలో కార్లకు 7 అంగుళముల గుండ్రని దీపములు రెండు ఉండవలెనని నియమ మేర్పడెను. అద్దము, తీగ, ముందరి గాజు అన్నియు కలిపి మూసివేసిన ఒకే ముద్ద అది. దుమ్ము చొరదు, ఏ యూరిలో చెడినను అదే కొలత దీపము దొరకును. కాని ఆ నియమమే పిమ్మట మార్పునకు అడ్డమాయెను. 1962లో ఐరోపాలో కార్లకు వచ్చిన హాలోజెన్ దీపము అమెరికా రోడ్లపైకి వచ్చుటకు 1970 దశకపు చివరిదాక పట్టెను. దూరమున నున్న సూచికఫలకములు కనబడవలెనని అమెరికావారు కొంత మిరుమిట్లు సహించిరి. వెలుగునకు చీకటికి నడుమ గీత గీసినట్లుండవలెనని ఐరోపావారు పట్టుపట్టిరి. ఫ్రాన్సులో 1936లో వచ్చిన శాసనముతో పసుపుపచ్చని హెడ్‌లైట్ల పద్ధతి మొదలై 1993 దాక సాగెను. మన దేశమున 2014 వరకు తయారైన అంబాసిడరు కారు గుండ్రని దీపములు మనకు చిరపరిచితములు. లారీల, బస్సుల దీపములకు పైసగమున నల్లరంగు పూయుటయు ఒకప్పుడు మనవారు చూచినదే. అదియు ఎదుటివాని కన్నును కాచుటకే.

1991లో జెనాన్ దీపము, ఈ శతాబ్దపు తొలి దశకమున ఎల్.ఇ.డి. హెడ్‌లైట్లు కార్లకు వచ్చినవి. ఎదుటి బండిని కెమెరా కనిపెట్టి, వెలుగులో ఆ ముక్కను మాత్రమే చీకటి చేయు దీపములును నేడున్నవి. అమెరికా వానికి 2022లో అనుమతి నిచ్చెను.

ఇంత జరిగినను మిరుమిట్లు తగ్గలేదని జనులు వాపోవుటకు కారణ మేమి? కొంత దోషము మన చేతులదే. హాలోజెన్ తీగ యుండు చోటునకు సరిపడునట్లు చేసిన గిన్నెలో, బజారున కొన్న ఎల్.ఇ.డి. బల్బు పెట్టినచో వెలుగు వేరొక చోటినుండి పుట్టును, గీత చెదరును, కాంతి నలుదిక్కులకు చిమ్మును. బండి వెనుకభాగమున బరువెక్కించినచో ముందుభాగము లేచి, డిమ్ చేసిన వెలుగు కూడ ఎదుటివాని కంటికి పోవును. అందుకే పెక్కు కార్లలో దీపములను దించు చిన్నచక్రము డ్రైవరు చేతికి అందునట్లు పెట్టియున్నారు. దానిని ముట్టినవారెందరు? ముందరి గాజు మీది దుమ్మును తుడుచుకొని బయలుదేరువారెందరు?

ఇన్ని దేశముల నిపుణులు ఇన్నేండ్లు శ్రమించి చేసిన ఏర్పాటు అత్యధికముగ నేటికిని డ్రైవరు వ్రేలి కదలికపై ఆధారపడి యున్నది. ఎదుట వెలుగు కనిపించినపుడు మనమే ముందుగా డిమ్ చేసినచో, అవతలివాడును సాధారణముగా చేయును. అతడు చేయకున్నను మనము చేయవలెను. మనము చేయనిచో చూపు తప్పువాడు అతడు. దెబ్బ తినువాడు, దీపము లేకుండ దారి అంచున ఇంటికి నడచిపోవుచున్న మూడవవాడు.