గ్రంథరచనకు పూనుకొనువారితో కొన్ని మాటలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఒక పల్లెలో ఇరువదియైదు సంవత్సరములపాటు గ్రంథాలయపు తలుపులు మూతపడకుండుట సామాన్య విషయము కాదు. అందుకు పాటుపడినవారిని అభినందించుటకు వక్తలు పెక్కురు కలరు గనుక నేను నాకు నియమించిన విషయమునకే వచ్చెదను. ఇచ్చటి పుస్తకములు చదివి చదివి, తామును ఒక పుస్తకము వ్రాయవలెనను కోరిక కలిగినవారు ఈ కొండ చుట్టుపట్ల కొందరు కలరనియు, వారు వ్రాసిన నోటుపుస్తకములను బియ్యపు డబ్బాల వెనుక దాచుచున్నారనియు కార్యదర్శిగారు నాతో చెప్పిరి. ఆ దాచినవారితోనే నేను మాట్లాడుచున్నాను.

“పల్లెటూరివారము, పెద్ద చదువులు లేనివారము, మనకు గ్రంథరచన యేల?” అను సంకోచమే మొదటి అడ్డంకి. దీనికి సమాధానము దూరమున వెదకనక్కరలేదు. వాయల్పాటి చెంతనున్న తరిగొండలో పదునెనిమిదవ శతాబ్దమున జన్మించిన వెంగమాంబగారు బాల్యముననే భర్తను కోల్పోయిరి. గురువునొద్ద ఛందోవ్యాకరణములు నేర్వలేదని తామే చెప్పుకొనిరి. అట్టి యామె తరిగొండ నృసింహ శతకము, ద్విపద భాగవతము, వేంకటాచల మాహాత్మ్యము మున్నగు గ్రంథములు రచించిరి. నేడు తిరుమలలో యాత్రికులు భోజనము చేయు అన్నప్రసాద భవనమునకు ఆమె పేరే పెట్టియున్నారు. ఆ కాలమున ఒక వితంతువునకు లేని సౌకర్యములన్నియు నేడు మీకు కలవు; కాగితము, కరెంటు దీపము, ఈ గ్రంథాలయము.

మన కాలమునకు వచ్చినచో మధురాంతకం రాజారాంగారు కలరు. వారు 1930లో జన్మించి 1999లో మరణించిరి. దామలచెరువు వంటి ఊరిలో ఉపాధ్యాయులుగా పనిచేయుచు, పూర్వపు చిత్తూరు జిల్లా పల్లెల కష్టసుఖములనే కథలుగా వ్రాసిరి. 1993లో వారికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. పట్టణమునకు పోయినగాని రచయిత కాజాలడనువారు ఆ కథలను ఒకసారి చదువుదురుగాక.

ఇక ఏమి వ్రాయవలెను? మన తలపైనున్న కొండనే చూడుడు. సుమారు 1,265 మీటర్ల ఎత్తైన ఈ కొండకు హార్స్లీ అను పేరు కడప కలెక్టరుగానుండిన ఒక దొర వలన వచ్చినది. ఆయన 1870 ప్రాంతమున వేసవి విడిదికై ఇచ్చట ఇల్లు కట్టుకొనెను. మదనపల్లె అప్పుడు కడప జిల్లాలోనిది. చిత్తూరు జిల్లా ఏర్పడినది 1911లో. అంతకు ముందు ఇది ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు పెంచిన ఆ బాలిక కథను మన అవ్వలు ఒక్కొక్కరు ఒక్కొక్క తీరున చెప్పుదురు. ఏ ఊరిలో ఏ విధముగా చెప్పుదురో వరుసగా వ్రాసిన పుస్తకము ఈ బీరువాలలో నాకు కనబడలేదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లె కళాశాలకు వచ్చి ‘జనగణమన’కు ఆంగ్లానువాదము ఇచ్చటనే చేసిరన్న సంగతిని మన వేదికలపై చెప్పని ఉపన్యాసకుడు లేడు, ఇదిగో, నేనును చెప్పితిని. కాని ఆనాడు మదనపల్లెలో నేతగాడు ఏమి తిని మగ్గమెక్కెను? పుంగనూరు పొట్టి ఆవును ఏ ఇంట ఎట్లు సాకిరి? మూడు భాషలు కలిసిన కుప్పములో పిల్లలకు జోల ఏ భాషలో పాడిరి? కపిల తోలిన చివరి తరము మన కన్నులయెదుటనే తరలిపోవుచున్నది. 2024 జూలైలో మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయమున దస్త్రములు అగ్నికి ఆహుతియైన సంగతి మీరెరుగుదురు. ఒక్కచోటనే ఉన్న కాగితము ఒక్క రాత్రిలో పోవును. మున్నూరు ఇండ్లలోనున్న పుస్తకము అట్లు పోదు.

వ్రాయలేని పెద్దలున్నచో వారిచేత చెప్పించుడు. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిగారి గ్రంథములలో చాలభాగము వారు మాటలాడినవే. విన్నవారు ఎత్తివ్రాసి అచ్చువేసిరి. నేడు ప్రతివాని జేబులోను మాటను పట్టియుంచు ఫోను కలదు. తాతగారిని కూర్చుండబెట్టి వారమునకొక గంట మాటలాడించి, ఆ రాత్రియే కాగితముపై పెట్టుడు. పదిరోజులు గడిచినచో ఎవరి పేరు ఎవరిదో మీకే తెలియకపోవును.

భాష విషయమున ఒక మాట. నేను సభామర్యాదకై ఈ తీరున మాటలాడుచున్నానని మీరును ఇట్లే వ్రాయబూనకుడు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడుగారు మన పల్లెల మాటలోనే ‘పచ్చ నాకు సాక్షిగా’ వ్రాయగా తెలుగుదేశమంతయు చదివినది. మీ అమ్మగారు నోరారా పలుకు మాటను చెరిపి, పత్రికలోని మాటను అతికించినచో ఆ వాక్యము మీది కాకుండ పోవును.

తీరిక లేదందురా? ఉన్నవ లక్ష్మీనారాయణగారు ‘మాలపల్లి’ని రాయవెల్లూరు జైలులో వ్రాసిరి. తీరికకొరకు జైలుకు పొమ్మని నా భావము కాదు! పాలు పితికిన పిదప అరగంట, లేదా పిల్లలు నిద్రించిన పిదప అరగంట, ఏదో యొకటి నియమముగా పెట్టుకొనుడు. దినమునకొక పుట వ్రాసినచో ఆరు నెలలకు నూట ఎనుబది పుటలగును. కాని వ్రాసినంత మాత్రమున అచ్చునకు పరుగిడరాదు. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ 1892లో ప్రదర్శింపబడినది, 1897లో అచ్చయినది. అంతటితో ఆయన తృప్తిపడక నాటకమును చాలవరకు తిరుగవ్రాసి 1909లో రెండవ కూర్పు వెలువరించిరి. నేడు మనము చదువునది ఆ రెండవదే. కావున వ్రాతప్రతిని రెండు నెలలు పెట్టెలో పెట్టి, పిదప తీసి, ఇంటిలో ఎవరినైన కూర్చుండబెట్టి బిగ్గరగా చదువుడు. వినువారు ఆవులించినచోట పెన్సిలుతో గీత పెట్టుడు. మీకు మిక్కిలి ముద్దైన వర్ణన అచ్చటనే యుండును, నిర్దాక్షిణ్యముగా కొట్టివేయుడు.

పుస్తకమునకు ముందు రెండుమూడు భాగములను పత్రికలకు పంపుట మంచిది. తిరిగివచ్చినచో చిన్నబుచ్చుకొనరాదు, నకలు మీయొద్ద నుంచుకొని మరియొకరికి పంపుడు.

ఇక డబ్బు సంగతి. దీనినే మన సభలలో ఎవరును చెప్పరు. వేరుసెనగ అమ్మిన సొమ్మంతయు అచ్చునకు పోసి, వేయి ప్రతులు వేయించి, అటకపై చెదలకు అప్పగించినవారిని నేనెరుగుదును. అప్పు చేసి అచ్చువేయకుడు. నగలు తాకట్టు పెట్టకుడు. ఇప్పటి యంత్రములపై నూరు, రెండునూరుల ప్రతులు సైతము వేయవచ్చును. అవి చెల్లినపిదప మరల వేయించుకొనవచ్చును. సాధారణముగా పదునారు పుటలు ఒక ఫారము. నూట అరువది పుటలైనచో సరిగా పది ఫారములు. నూట అరువదిరెండైనచో ఆ రెండు పుటలకొరకు అదనపు కాగితము దండుగ. ముందుమాటలో నాలుగు పొగడ్తలు తగ్గించిన సరిపోవును. ప్రూఫులను మీరొక్కరే దిద్దరాదు. మనము వ్రాసినది మన కంటికి ఒప్పుగానే కనబడును. ల-ళలు, శ-ష-సలు, జారిన ఒత్తులు పరాయి కంటికే చిక్కును.

పుస్తకమునకు వేయు పదమూడంకెల ఐఎస్‌బీఎన్ సంఖ్యను మన దేశమున ప్రభుత్వపు సంస్థయే ఉచితముగా ఇచ్చుచున్నది. దానికని సొమ్మడుగువారిని నమ్మకుడు. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము మీ రచనపై హక్కు వ్రాసిననాడే మీకు కలుగును. నమోదు చేయింపకున్నను పోదు. మీ జీవితకాలమును, తరువాత అరువది సంవత్సరములును అది నిలుచును. ప్రచురణకర్తకు హక్కు ఇచ్చునప్పుడు మాటమీద ఇయ్యక కాగితముపై వ్రాయించుకొనుడు. ఎన్నేండ్లకో, ఎంత ప్రతిఫలమునకో అందుండవలెను. కాలము వ్రాయనిచో చట్టము దానిని ఐదేండ్లుగా భావించును. “సర్వహక్కులును శాశ్వతముగా” అను మాట కనబడినచో సంతకమునకు ముందు తెలిసినవారికి చూపుడు.

అచ్చయిన పిదప, 1954 నాటి చట్టము ననుసరించి ప్రచురణకర్త ముప్పది దినములలో ఒక ప్రతిని కలకత్తా జాతీయ గ్రంథాలయమునకును, ఒక్కొక్క ప్రతిని చెన్నపట్టణపు కన్నెమరా మొదలైన మూడు గ్రంథాలయములకును పంపవలెను. మీరే అచ్చువేసికొన్నచో ఆ బాధ్యత మీదే. తపాలా ఖర్చునకు వెనుదీయకుడు. మీ ఊరి అవ్వ చెప్పిన కథ అచ్చట నూరేండ్లు భద్రముగా నుండును.

కార్యదర్శిగారితో ఒక ఏర్పాటు మాటలాడియున్నాను. ప్రతినెల మొదటి ఆదివారము సాయంకాలము ఈ వసారాలో వ్రాతప్రతులు చదువుకొనుటకు వారు అంగీకరించిరి. చదువువానికి అరగంట, వినువారికి పావుగంట. పొగడ్తలు నిషిద్ధము, ఎచ్చట అర్థము కాలేదో, ఎచ్చట విసుగు పుట్టెనో మాత్రమే చెప్పవలెను. ఆడువారు చీకటిపడకముందే ఇల్లు చేరునట్లు వారి వంతు మొదట వచ్చును. రాబోవు ఆదివారమునకు ఇప్పటికే ఇద్దరు పేర్లిచ్చియున్నారు. మూడవ పేరునకు పట్టికలో చోటున్నది.