బాగుందని పీల్చే మందు ఆపొద్దు



మన మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానటోరియం తెరిచారు. ఊపిరి జబ్బోళ్లు దూరదూరాల నుంచి ఇక్కడికొచ్చేవాళ్లు. ఈరోజు పుంగనూరు, కుప్పం దాకా మన తండాల్లో, యానాది, ఎరుకల కాలనీల్లో ఉబ్బసమున్న పెద్దోళ్లని "ఇన్‌హేలర్ ఎందుకు వాడట్లేదు?" అని అడగండి. మూడు మాటలు వినిపిస్తాయి.

"అలవాటైపోతుంది." కాదు. అది మత్తుమందు కాదు. నేరుగా ఊపిరితిత్తులకే పోతుంది కాబట్టి కొంచెం మోతాదే చాలు.

"ఇప్పుడు బాగానే ఉంది." ఇక్కడే మోసపోతాం. సాల్బుటమాల్ ఆయాసమొచ్చినప్పుడు గొట్టాలు తెరుస్తుంది, అంతే. లోపలి వాపు తగ్గించేది బుడెసొనైడ్ లాంటి మందు. డాక్టర్ రోజూ పీల్చమంటే బాగున్నా పీల్చాల, తర్వాత నోరు పుక్కిలించాల. బాగుండేది ఆ మందు వల్లే.

"డబ్బుల్లేవు." ఇది రోగి తప్పు కాదు. మా మామ కూలి పోగొట్టుకుని ఆస్పత్రికి పోతే చీటీ రాసి బయట కొనుక్కోమన్నారు. బుడెసొనైడ్ 2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది. కాబట్టి పీహెచ్‌సీలో అడుగుదాం. లేదంటే అందరం కలిసి అర్జీ రాద్దాం. ఊపిరి కోసం అడగడానికి సిగ్గెందుకు?

జై ఆదివాసీ!