ఫోన్‌లో ముఖాముఖి: జావాతో మనమే కట్టుకుందాం



షోలాపూర్, భివండీల్లో స్థిరపడిన మన ఇళ్లలో తాతలు మగ్గం నడిపారు, మనవలు కంప్యూటర్ చదువుతున్నారు. ఈ రెండింటినీ కలిపే పని ఒకటుంది. దూరంలోని కొనుగోలుదారుకు బట్ట చూపిస్తూ మాట్లాడే మొబైల్ యాప్‌ను మన పిల్లలే తయారు చేయవచ్చు.

దీనికి ఆధారం వెబ్‌ఆర్‌టీసీ. గూగుల్ 2011లో దీన్ని ఉచితంగా అందరికీ ఇచ్చింది. లోపలి బరువు పనంతా సీ ప్లస్ ప్లస్‌లో ఉంటుంది. ఆండ్రాయిడ్ కోసం పైన జావా ఇంటర్‌ఫేస్ ఉంది. మగ్గం కింద చెక్క తొక్కితే పైన పడుగు విడిపోతుంది కదా, అలాంటిదే. మనం తొక్కేది జావా, కదిలేది లోపలి యంత్రం.

ముందు పీర్‌కనెక్షన్‌ఫ్యాక్టరీ తయారు చేయాలి. దాన్నుంచి కెమెరా, మైకు ట్రాకులు, పీర్‌కనెక్షన్ వస్తాయి. ఒక ఫోను ‘ఆఫర్’ పంపితే రెండోది ‘ఆన్సర్’ ఇస్తుంది. ఏ రకం వీడియో, ఏ రకం ఆడియో ఇద్దరికీ కుదురుతుందో తేల్చుకునే బేరమే ఇది. ఈ కబురు మోసే సర్వర్ వెబ్‌ఆర్‌టీసీలో ఉండదు, మనమే పెట్టుకోవాలి. ఫోన్‌కు తన బయటి చిరునామా చెప్పేది స్టన్ సర్వర్. నేరుగా దారి దొరక్కపోతే వీడియో టర్న్ సర్వర్ గుండా పోతుంది. ఆ డేటా ఖర్చు మనదే, ముందే లెక్క వేసుకోండి.

రెండు జాగ్రత్తలు. కాల్‌బ్యాక్‌లు తెర నడిపే థ్రెడ్‌పై రావు. అక్కడినుంచే తెరను మార్చబోతే యాప్ కూలిపోవచ్చు. కాల్ అయ్యాక డిస్పోజ్ తప్పక పిలవాలి. లేకపోతే లోపలి మెమరీ ఖాళీ కాదు.

ఆడియో, వీడియో ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళ్తాయి, టర్న్ సర్వర్‌కు కూడా మీ కొత్త డిజైను కనబడదు. అవతలివాడు ఫొటో తీసుకుంటే మాత్రం ఆపలేం. ఫోన్ కెమెరా రంగు కూడా మార్చి చూపుతుంది. అందుకే ధర ఖాయం చేసే ముందు నమూనా ముక్క పంపండి.

ఉన్న యాప్‌లు చాలవా అంటారు. ఒక్క ఇంటికి చాలు. కానీ ఎవరు ఏ బట్ట అడిగారో ఆ చిట్టా సంఘం దగ్గరే ఉండాలన్నా, తెరపై తెలుగు, మరాఠీ రెండూ కనబడాలన్నా మన యాప్ మనకుండాలి. ఇద్దరు ముగ్గురు పిల్లలు పూనుకుంటే, రెండు ఫోన్ల మధ్య మొదటి కాల్‌తో మొదలుపెట్టవచ్చు. పెద్దలు వాళ్లకు ఒక గది, రెండు పాత ఫోన్లు ఇవ్వండి చాలు.